పొయ్యి లేని గది

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. ఉతికిన బట్టలు ఎనిమిదికల్లా ఆరిపోయాయి. వాటిని మడతపెట్టి సముద్రం ఒడ్డుకెళ్లే ప్రయాణానికి సంచి సర్దుతున్నాను.

"కుక్కర్ అడుగున పెట్టు. పైన పెడితే బట్టలు నలుగుతాయి," అన్నారు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా.

పోయిన వేసవిలోనూ ఇదే మాట. బయటి తిండి ఎవరికీ పడదని, ఒడ్డున వంటగది ఉన్న ఇల్లు తీసుకున్నారు. మూడు రోజులున్నాం. ఆయనా పిల్లలూ నీళ్లలోకి దిగేసరికి నేను ఉల్లిపాయలు తరుగుతుండేదాన్ని. తడికాళ్లతో వచ్చేసరికి వడ్డన, వాళ్లు నడుం వాల్చాక ఇసుక ఊడవడం. వంటగది కిటికీలోంచి జానెడు సముద్రం కనపడేది, గిన్నెలు బోర్లిస్తే అదీ లేదు. అలల మోత కన్నా కుక్కర్ కూతలే ఎక్కువ విన్నాను. తిరిగొచ్చాక, నాతో కుట్టుపని చేసేవాళ్లు సముద్రం ఎలా ఉందని అడిగారు. ఉప్పగా ఉందన్నాను. నవ్వారు. నా కాలికి తడే తగల్లేదని వాళ్లకీ తెలీదు, ఇంట్లోవాళ్లకీ తెలీదు.

ఈసారి, "నీకు తీరికేగా, బస నువ్వే చూడు," అన్నారు మా ఆయన. చూశాను.

కుక్కర్ని తీసుకెళ్లి గూట్లో పెట్టేశాను.

"అదేంటే, అక్కడ పెట్టావు?" అన్నారు అత్తయ్య.

"అక్కడ పొయ్యి లేదత్తయ్యా. రెండు గదులు తీసుకున్నాను. తలుపు తీస్తే ఇసుకే."

"పొయ్యి లేకపోతే గాలి తిని బతుకుతామా?"

"పక్కనే హోటలుంది. మీకు కారం తగ్గించి చేస్తామన్నారు, ఫోన్ చేసి అడిగాను."

"నా మోకాళ్లకి మెట్లు..."

"కింది గదులే."

మా ఆయన పేపరు దించారు. "నన్నడగొద్దూ?"

"పోయినసారి నన్నడిగారా?"

"రద్దు చేసెయ్. పాత ఇల్లే తీసుకుందాం."

"తీసుకోండి. గరిటె కూడా మీరే పట్టుకోండి. నేను మాత్రం నీళ్లలో ఉంటాను."

ఆయన మళ్లీ పేపరెత్తారు. ఫోన్ జోలికి పోలేదు.

మధ్యాహ్నం వడ్డించాక ఎప్పటిలా పక్కన నిలబడలేదు. నేనూ కంచం పెట్టుకుని కూర్చున్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆయన ఖాళీ గ్లాసు వైపు, తర్వాత నా వైపు చూశారు. నేను తింటున్నాను. కాసేపటికి ఆయనే లేచి నీళ్లు తెచ్చుకున్నారు. అత్తయ్య కూరగిన్నె నా వైపు జరిపారు.