మంచం ఊచకు కట్టిన ముక్కలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు: రాత్రి డ్యూటీ చేసొచ్చి ముసుగుతన్ని పడుకున్న నాన్న, చూసిపోదామని వచ్చిన మేనత్త, తన గదిలో నానమ్మ, సెలవురోజు కావడంతో ఇంటిపట్టునే ఉన్న గువ్వ. గువ్వ అని పేరుపెట్టింది నానమ్మే. బళ్ళో నోరు పెగలని ఆ పిల్ల రోజూ గది గుమ్మం తొక్కగానే మంచం మీది నుంచే, "వచ్చావటే గువ్వా, ఇవాళైనా నోరు విప్పావా, లేదా?" అని అడిగేది. మతిమరుపు జబ్బు కన్నకొడుకు పేరునే మింగేసింది గానీ ఆ పిలుపు జోలికి రాలేదు. అదీ పోతే తనను పలకరించే దిక్కు ఉండదని గువ్వకు బెంగ.

అత్త మెచ్చుకోవాలని పొద్దున్నే, నానమ్మ స్నానానికి వెళ్ళిన సందులో, గువ్వ ఆమె గదంతా అద్దంలా తుడిచింది. నానమ్మ ఒకప్పుడు చేయి తిరిగిన దర్జీ. మంచం ఊచలకు జిడ్డు పట్టిన గుడ్డపీలికలు ముడివేసి ఉంటే, వాటినీ కత్తిరించి చెత్తబండికి ఇచ్చేసింది. ఆ తర్వాత నానమ్మ పలకరించకపోతే అలిగిందేమో అనుకుంది.

అత్త పనిచేసేది ప్రయోగశాలలో. మెదడు కణాలకు రంగులద్ది చూడటం ఆమె పని.

"అత్తా, నానమ్మ మెదడులో ఏమవుతోంది?"

"అమ్మో, దీనికి మాటలొచ్చాయే!" అత్త నవ్వింది. "మెదడులో కాపలా కణాలుంటాయే. రోగాన్ని తరమడం, చెత్త ఊడ్చడం వాటి పని. ఈ జబ్బులో చెత్త గుట్టలుగా పేరుకుంటుంది. మొదట్లో బాగానే ఊడుస్తాయి. పోనుపోను అదుపు తప్పి, కణాన్నీ కణాన్నీ కలిపే అతుకుల్ని కూడా తినేస్తాయి."

"పగబట్టా?"

"పగేమిటే పిచ్చిదానా! అదీ చెత్తే అనుకుని."

అత్త నానమ్మ గదిలోకి తొంగిచూసి ఆగిపోయింది. "ఊచలకుండే ముక్కలేవే?"

"చెత్త కదా అని..."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వాటిని తడుముకునే కదే అమ్మ మనల్ని గుర్తుపట్టేది. ఆ నీలం గళ్ళది నీ మొదటి గౌనుది. నువ్వు బడి నుంచి వచ్చే వేళకి దాన్ని పట్టుకుని కూర్చునేది."

 ఇన్నాళ్ళూ నానమ్మ తన ముఖం చూసే పిలుస్తోందని గువ్వ అనుకుంది.

చెత్తబండి ఎప్పుడో వెళ్ళిపోయింది. ఒంటిమీద గౌను అంచు కత్తిరించి, ఆ ముక్క పట్టుకుని పరుగెత్తింది. నానమ్మ ఖాళీ ఊచ మీద వేళ్ళు అటూ ఇటూ జరుపుతోంది. గువ్వ ఆ ముక్కను ఆమె చేతిలో పెట్టింది. నానమ్మ దాన్ని బొటనవేలితో రుద్దింది. తిరగేసింది. రెండువైపులా లాగి చూసింది.

"గుడ్డ మంచిదే. కానీ నేనిప్పుడు కుట్టడం లేదమ్మా. ఇంకెవరికైనా ఇవ్వండి."

"నానమ్మా, నేనే. గువ్వని."

"మా గువ్వ బడి నుంచి వచ్చే వేళయింది. మీరు వెళ్ళిరండి." నానమ్మ లేచి, ఎంతో మర్యాదగా గువ్వను గడప దాటించి, తలుపు వేసేసుకుంది.