మూసేస్తే మొదటికే

తాండూరులో మార్త డీటీపీ సెంటర్ పొద్దున్నే తెరుచుకునేది. ముందు వాకిలి ఊడ్చి, ప్రింటర్ మీద దుమ్ము తుడిచి, పాత పెళ్లికార్డు ఒకటి తెరిచి దానిమీదే కొత్త పేర్లు కొట్టడం ఆమె పని తీరు. కార్డులన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా, మొదటి నుంచి కొట్టడమెందుకని ఆమె వాదన. వేసవిలో నవనీత పెళ్లికార్డూ అట్లాగే చేసింది. పేర్లన్నీ మార్చింది గానీ వరుడి ఊరు మార్చడం మరిచింది. మర్పల్లి ఉండాల్సిన చోట ముందు కార్డులోని కోట్‌పల్లి ఉండిపోయింది.

మార్త కొట్టిన కార్డు కొట్టినట్టే జరుగుతుందని తాండూరులో అందరికీ తెలుసు. అప్పగింతలయ్యాక జీపు మర్పల్లి దారి పట్టి కోట్‌పల్లిలో ఆగింది. ఆ తర్వాత నవనీత ఏ బస్సెక్కినా అంతే, నడిచినా అంతే. పెళ్లికొడుకు గణేశ్‌కు మర్పల్లిలో గొర్లున్నాయి. కోట్‌పల్లికి వస్తాడు, కూర్చున్నట్టే కూర్చుని గొర్ల దగ్గరికి పరుగెత్తుతాడు. నవనీత కోట్‌పల్లిలో గది తీసుకుని కూలికి పోతోంది. పెళ్లయింది గానీ మొగుడింటి గడప తొక్కలేదు.

కార్డు మీద పెన్నుతో దిద్దితే లాభం లేదు, కొట్టిన ఫైలులోనే దిద్దాలి. ఆ ఫైలేమో పాత తెలుగు ప్రోగ్రాంలో తప్ప తెరుచుకోదు. పాత కంప్యూటర్ పిడుగుకు కాలిపోయింది, ఫైలు మాత్రం పెన్‌డ్రైవ్‌లో మిగిలింది. కొత్తది ఆ ప్రోగ్రాంను గుమ్మంలోకే రానివ్వలేదు.

“అక్కా, ఇంకెప్పుడే?” అని నవనీత ఫోన్ చేసినప్పుడల్లా మార్త ఆ ఫైలు మీద మళ్లీ నొక్కి చూసేది. తప్పు తనది. దిద్దడం చేతగాదు.

వికారాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే సుశాంత్ ఫోన్‌లో ఉపాయం చెప్పాడు. “కొత్త కంప్యూటర్ల పాత కంప్యూటర్‌ని కూసోవెట్టే సాఫ్ట్‌వేర్లుంటయక్కా. వర్చువల్ మెషీన్ అంటరు. ఒకటి ఎక్కించుకో.”

ఒకటి ఎక్కించుకోవడం అంత తేలికా! మొదటిది ఎంత మెమరీ ఇస్తావు, ఎంత డిస్కు ఇస్తావు అని పెళ్లిచూపుల్లో మేనత్తలా ఆరా తీసింది. తోచినంత ఇస్తే తెర నల్లబడి ఊరుకుంది. రెండోదానికి కంప్యూటర్ లోపల ఏదో గడియ తీయాలట. అదెక్కడుందో వెతికి వెతికి మార్త పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది.

“నాసొంటి కొత్తోళ్లకు అల్కగ వచ్చేది చెప్పు, సుశాంతూ.”

“అయితే మూడోది వెట్టుకో. అడుగుడే ఉండదు. నువ్వెంత ఖరాబ్ చేసినా ఫికర్ లేదు, మూసేస్తే మల్ల మొదటికే వస్తది.”

చెడగొట్టినా భయం లేదన్న మాట ఒక్కటే మార్త చెవికెక్కింది. మూడోదే ఎంచుకుంది. నిజంగానే పాత ప్రోగ్రాం చిన్న కిటికీలో తెరుచుకుంది. ఫైలు లోపలికి వేసి, కోట్‌పల్లి చెరిపి, మర్పల్లి కొట్టింది.

మధ్యాహ్నానికి నవనీత ఫోన్. “అక్కా! బస్సు మర్పల్లిల ఆగింది! అత్తమ్మ దిష్టి తీసి కుడికాలు వెట్టమన్నది.”

మార్తకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని కిటికీ మూయబోతే, మూస్తే లోపల చేసినవన్నీ పోతాయని తెర మీద పడింది. చెయ్యి కాలినట్టు మౌస్ వదిలేసింది. ఫైలు బయటికి లాగబోతే రాలేదు.

“అది గంతేనక్కా,” అన్నాడు సుశాంత్ ఫోన్‌లో. “కొత్తోళ్ల కోసమే గట్ల చేసిన్రు.”

“మరి మూయకుంటే?”

“కరెంటు ఉన్నంతసేపు ఉంటది.”

సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. బ్యాటరీ అయిపోవస్తోందని యూపీఎస్ కీచుమంది. మొగుడు పట్టుకుంటే మర్పల్లిలోనే ఆగుతుందేమోనని మార్త నవనీతకు ఫోన్ చేసింది.

“గణేశ్ ఉన్నడా? నీ చెయ్యి వట్టుకొమ్మను! గట్టిగ!”

“ఏమైందక్కా? వట్టుకున్నడు...”

తెర ఆరిపోయింది. ఫోన్‌లో గొర్ల అరుపులు ఆగిపోయాయి.

“అక్కా, కోట్‌పల్లిల ఉన్న,” అంది నవనీత మెల్లగా. “ఈయన గూడ వచ్చిండు.”

మార్త కాసేపు సంతోషపడింది కూడా.

తెల్లారినా తాండూరుకు కరెంటు రాలేదు. గొర్లకు నీళ్లు పెట్టాలని గణేశ్ మొదటి బస్సుకే మర్పల్లికి బయల్దేరాడు. దిగింది కోట్‌పల్లిలోనే.