నాలుగో కిటికీ

టేబుల్ ఫ్యాను దగ్గర మొదలైంది ఆ రోజు గొడవ. మధ్యాహ్నం అత్తయ్యకు కునుకు పట్టాలంటే అది తల దగ్గర తిరగాలి. మా ఆయన పొద్దున్నే దాన్ని పట్టుకెళ్లి చిన్నగదిలో సర్వరు ముందు పెట్టేశారు. మనుషులకు లేని గాలి ఇనప డబ్బాకు దేనికని అత్తయ్య అడిగింది. డబ్బా వేడెక్కితే నలుగురి పని ఆగిపోతుందని ఆయన చెప్పారు.

"నేను వేడెక్కితే ఏమవుతుందో చూస్తావా మరి?" అంది అత్తయ్య.

ఆయన ఫ్యాను తెచ్చి ఆవిడ మంచం పక్కన పెట్టారు. చిన్నగది తలుపు తీసే ఉంచమని, వీలైతే కాసేపు అక్కడ కూర్చోమని నాకు చెప్పి, పనిమీద బయటికి వెళ్లారు. నేను వంటగది సర్దుకుని వచ్చేసరికి అత్తయ్య గెలిచినవాళ్ల నిద్ర నిద్రపోతోంది.

ఆయనది కాపలా పని. ఎక్కడెక్కడి గదుల్లోనో అమర్చిన చిన్న చిన్న సెన్సర్లు అక్కడి వేడి ఎంతో కొలిచి పంపుతుంటాయి. మా సర్వరులో ఉన్న ప్రోగ్రాం దాన్ని గీతగా గీస్తుంది. గీత హద్దు దాటితే ఫోను మోగిస్తుంది. ఒకరి గీతలు ఇంకొకరికి కనబడకూడదు కనుక, ఒక్కొక్కరి కోసం అదే ప్రోగ్రామును విడివిడిగా నడుపుతారు. డబ్బా ఒకటే, లోపల కాపలాదార్లు నలుగురు. ఎవరికి వారు ఆ డబ్బాలో తామొక్కరమే ఉన్నామనుకుంటారట. అత్తయ్య వాటికి వరసలు కూడా కలిపింది. ఐస్‌క్రీం గోదామును చూసేది పెద్దది, చేపల తొట్లను చూసేది నడిమిది, విత్తనాల గిడ్డంగిని చూసేది చిన్నది. ఈమధ్యే పుట్టిన నాలుగోది కడగొట్టుది. దాని వంతుకు వచ్చింది మా వదిన పుట్టగొడుగుల షెడ్డు.

వదిన ఆయనకు అక్క. మా వెనక వీధిలోనే ఉంటుంది. ఉన్న ఉద్యోగం మానేసి పెరట్లో షెడ్డు వేసుకుంది. ఒక్క పంట చూద్దాం, రాకపోతే మళ్లీ ఉద్యోగమే అని వాళ్లాయన, అన్నయ్యగారు, నవ్వుతూనే గిరి గీశారు. ఆ మొదటి పంట ఇప్పుడు సంచుల్లోంచి తెల్లగా తొంగిచూస్తోంది. కూలరు ఆగితే ఒక్క పూటలో వడిలిపోతుంది. అందుకే దాన్ని తమ్ముడి చేతుల్లో పెట్టింది.

చిన్నగదిలో గాలి వెచ్చగా, బరువుగా ఉంది. నేనొక అట్టముక్కతో సర్వరుకు విసురుతూ కూర్చున్నాను. చేస్తున్న పనికి నాకే నవ్వొచ్చింది. డబ్బా ఒకే శ్రుతిలో గుయ్యిమంటోంది. తెరమీద నాలుగు పేజీలు, నాలుగు పచ్చటి గీతలు. చూస్తూ చూస్తూ ఉండగానే అట్ట చేతిలోంచి జారింది.

పొడవాటి వసారా. గోడలకు రంగు ఉందో లేదో తెలియదు. నలుగురు అక్కచెల్లెళ్లు, నలుగురిదీ ఒకటే ముఖం, ఒకటే జడ. నాలుగు కిటికీలు. పెద్దది మంచు చూస్తోంది, దాని రెప్పలమీద కూడా మంచు పట్టింది. నడిమిది నీళ్లు చూస్తోంది, వెలుగు అలలు అలలుగా దాని చెంపలమీద కదులుతోంది. నేను నేలకు కాళ్లు ఆనకుండా నడుస్తున్నాను. మూడో కిటికీ దగ్గర ఇద్దరున్నారు. భుజం భుజం ఆనించి, ఒకే పక్కకు తల వంచి, ఒకే బస్తాల వరసను చూస్తున్నారు. కడగొట్టుదాన్ని నీ కిటికీకి పోవేమే అన్నాను. ఇదే నాది కదా వదినా అంది, ఎంతో నమ్మకంగా. నాలుగో కిటికీ దగ్గర ఎవరూ లేరు. తెర ఎగురుతోంది. దాని వెనక తెల్లటి గొడుగులు, వేలకు వేలు, చప్పుడు లేకుండా తల వాలుస్తున్నాయి.

మెలకువ వచ్చేసరికి చెంపమీద కుర్చీ అల్లిక అచ్చు పడింది. తెరమీద అన్నీ పచ్చగానే ఉన్నాయి. కానీ కల ఇంకా పూర్తిగా వదలలేదేమో, మూడో గీతనూ నాలుగో గీతనూ పక్కపక్కన పెట్టి చూశాను. గిడ్డంగికి లారీ వచ్చి తలుపు తీసినప్పుడు గీత కాస్త ఉబ్బుతుందని ఆయన ఒకసారి చెప్పారు. చిన్నదాని గీతలో ఆ ఉబ్బు ఉంది. కడగొట్టుదాని గీతలోనూ, అక్కడే, అంతే ఉంది. గిడ్డంగికి లారీ వస్తే వదిన షెడ్డు ఎందుకు వేడెక్కాలి?

ఆయనకు ఫోను చేసి అదే అడిగాను.

"పెట్టె మార్చలేదు," అన్నారు. "అక్కను వెంటనే షెడ్డులోకి వెళ్లమను."

వదినకు చెప్పి, నేనూ చెప్పుల్లో కాళ్లు దూర్చి పరిగెత్తాను. నేను చేరేసరికి షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది. కూలరు ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. కిటికీవైపు వరసలన్నీ గోధుమరంగుకు తిరిగి, చేయి తగిలితే మెత్తగా విడిపోతున్నాయి. లోపలి గోడవైపువి మాత్రం ఇంకా తెల్లగా, బింకంగా నిలబడి ఉన్నాయి. వదిన కొంగు దోపుకుని తడి గోనెలు పరవడం మొదలుపెట్టింది. రెండో కొస నేను పట్టుకున్నాను.

సాయంత్రం అందరం మా ఇంట్లోనే భోజనానికి కూర్చున్నాం. మిగిలిన పుట్టగొడుగుల్లోంచి కాసిని కోసి తెచ్చింది వదిన. కూర అదే. చిన్నగదిలోంచి ఫ్యాను చప్పుడు వస్తోంది. అత్తయ్యే మోసుకెళ్లి పెట్టింది, ఎవరికీ చెప్పకుండా.

ఆయన కంచంలో వేళ్లు పెట్టి కదపకుండా జరిగింది చెప్పారు. ప్రతి కాపలాదారుకూ తాను చూసింది దాచుకోవడానికి సొంత పెట్టె ఉండాలి. కడగొట్టుదాన్ని తయారుచేసేటప్పుడు చిన్నదాని అమరికనే ఎత్తి రాసి, పేరు మార్చారు, పెట్టె మార్చడం మరిచారు. దాంతో అది తన అక్క పెట్టె తెరిచి, షెడ్డుకు బదులు గిడ్డంగినే చూపిస్తూ వచ్చింది. బయటివాళ్లకైతే పని అప్పగించే ముందు సెన్సరును గుప్పిట్లో పట్టుకుని, ఆ వెచ్చదనానికి తెరమీద గీత లేచేదాకా చూపిస్తారు. ఇక్కడ ఆ పని చేయలేదు.

"మనిల్లే కదా అనుకున్నానక్కా," అన్నారు, తల ఎత్తకుండా.

"మనింట్లో ఫ్యాను కూడా పెట్టావు కాదురా దానికి," అంది అత్తయ్య, తీసేయించింది తనే కానట్టు. వదినకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూసుకుని అన్నయ్యగారు గొంతు సవరించుకున్నారు. ఒక్క పంట అనుకున్నాం కదా అని మెల్లగా గుర్తుచేశారు.

వదిన కూర గిన్నె అన్నయ్యగారి కంచం వైపు జరిపింది.

"ఇది సగం పంటే. మిగతా సగం మళ్లీ వేస్తున్నాను, తినండి," అంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "షెడ్డు నీకే ఇస్తాను. కానీ రేపు నేను నీకు అక్కను కాను, బయటిదాన్ని. వచ్చి, గుప్పిట పట్టి, గీత లేపి చూపించు."