పెట్టుకోని బెల్టు

"కాళ్ల చుట్టూ గూడ రావాలె సార్" అంది శిక్షణ ఇవ్వడానికొచ్చిన కళ్యాణి.

జనగామ ఫంక్షన్ హాల్లో నలభై మంది సైటు మేనేజర్ల ముందు నిలబడ్డ శ్రీపాల్‌కు సేఫ్టీ బెల్టు పట్టీలు అంతు చిక్కలేదు. తొడలకు చుట్టాల్సినదాన్ని భుజానికి తగిలించుకున్నాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు.

"ఎప్పుడూ పెట్టుకోలేదా సార్?"

"పెట్టుకున్న మేడం."

చెవుల దాకా వేడెక్కింది. ఇరవై నాలుగేళ్ల కింద భూపాలపల్లిలో గోడలకు నీళ్లు కొట్టే పనితో మొదలై, మహబూబాబాద్‌లో సూపర్‌వైజరై, ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో మూడంతస్తుల సైటుకు మేనేజరయ్యాడు. సిమెంటు తిన్న వేళ్లు, తలనొప్పి మాత్రలుండే చొక్కా జేబు. తన సైటులో ఎవరికీ గోరు కూడా ఊడలేదని గొప్పగా చెప్పుకునేవాడు, పన్నెండు రోజుల కిందటి వరకు.

ఆ రోజు సిమెంటు మాల్ తట్ట మోస్తూ కూలీ బుజ్జి పరంజా మీది నుంచి పడింది. పోలీసులకిచ్చిన కాగితంలో శ్రీపాల్ స్వయంగా రాశాడు: 'బెల్టు ఇచ్చాము, పెట్టుకోలేదు.' బెల్టులు స్టోరు గదిలో కవరైనా చింపకుండా ఉన్నాయి.

మధ్యాహ్నం సర్టిఫికెట్ ఇచ్చి ఫొటో తీశారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని, వరంగల్ బస్సెక్కాడు. అక్కడ దవాఖానలో ఉన్న బుజ్జిని చూడటానికి అప్పటి దాకా ఒక్కసారి కూడా పోలేదు.

దవాఖాన వరండాలో ఆమె భర్త దేవ్యా గోడకానుకుని కూర్చున్నాడు.

"ఎట్లుంది దేవ్యా?"

"పొద్దుగాల పోయింది సారూ."

శ్రీపాల్ పక్కనే నేల మీద కూలబడ్డాడు. దేవ్యా అతని వైపు తిరిగి అడిగాడు.

"బెల్టు పెట్టుకోలేదని రాసిన్రట గద. గా బెల్టు ఎట్లుంటది సారూ? మేం ఎన్నడు చూడలే."

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. శ్రీపాల్ తల వాలిపోయింది.

"ఇయ్యనే లేదు దేవ్యా. అబద్ధం రాసింది నేనే. నా నౌకరీ పోతదని రాసిన."

"బెల్టు ఇయ్యలేదనే బుజ్జి గూడ అన్నది. తెలివొచ్చిన నాడు అడిగింది, 'నాకెప్పుడిచ్చిన్రు?' అని." దేవ్యా లేచాడు. "గీ మాట అది ఉన్నప్పుడు చెప్తే బాగుండు."

శ్రీపాల్ కూడా లేచాడు. నేరుగా గేటు పక్కనున్న పోలీసుల గదికి పోయి కాగితం అడిగాడు. మొదటి ముక్క రాసి కొట్టేశాడు. మళ్లీ రాశాడు, అక్షరం అక్షరం విడిగా కనిపించేట్టు. కింద సంతకం పెట్టాడు.

తిరిగొచ్చేసరికి వరండా ఖాళీగా ఉంది. శవాన్ని కొడకండ్ల దిక్కు తండాకు తీసుకుపోయారని వరండా ఊడుస్తున్న ఆయమ్మ చెప్పింది.

పడిననాడు బుజ్జి తల కింద పెట్టి తెచ్చిన సుట్టబట్ట, తట్ట మోసేప్పుడు నెత్తిన పెట్టుకునేది, వరండా బల్ల మీద ఉండిపోయింది. తట్ట బరువుకు నడుమ అణిగి, సిమెంటు పట్టి బిరుసెక్కిన పాత చీరముక్క. దాని మడతలో రెండు పొడుగాటి వెంట్రుకలు.