లోపలికి రమ్మన్నాను

శిరీష ఇచ్చిన అట్టముక్క మీద నాలుగే ప్రశ్నలున్నాయి. అది ఎక్కడుంది? అది దేనిలా ఉంది? దాని గురించి ఇంకేమైనా చెప్తారా? అప్పుడేం జరుగుతుంది? ఎదుటి మనిషి అన్న మాటలే తిరిగి అందుకుని, వాటికి ఈ ప్రశ్నలు జోడించాలి. మన మాట ఒక్కటి కూడా కలపకూడదు. సలహా చెప్పకూడదు. దేవుడి పేరు ఎత్తకూడదు.

ఆఖరిదే నాకు కష్టం. నేను పదో తరగతి దాకా చదివి, పాతికేళ్ళుగా కిరాణా కొట్టు వెనక సంసారం చేసుకుంటున్న మనిషిని. కష్టమని ఎవరైనా నోరు తెరిస్తే ఏ వారం ఏ స్వామికి ఏ దీపం పెట్టాలో చెప్పడమే నాకు తెలిసిన ఓదార్పు.

ముమ్మిడివరంలో మహిళా సంఘం వాళ్ళ మేడగదిలో ప్రతి గురువారం మూడింటికి మేం తొమ్మిదిమంది కలుస్తాం. శిరీష అమలాపురం నుంచి బస్సులో వస్తుంది. ఊళ్ళలో మనసు బాగాలేనివాళ్ళ మాట వినడానికి మాలాంటి ఆడవాళ్ళని తయారుచేయడం ఆ పిల్ల పని. ముందు ఒకరి మీద ఒకరం నేర్చుకోవాలి. ముగ్గురేసి కూర్చుంటాం. ఒకరు చెప్తారు, ఒకరు అడుగుతారు, మూడోవారు చూసి రాసుకుంటారు.

"చిన్న బాధే తెచ్చుకోండి," అని శిరీష ప్రతిసారీ హెచ్చరిస్తుంది. "కుళాయి దగ్గర గొడవ, కోడలు మూతి ముడిచింది, అంతవరకే. పెద్దవి ఇప్పుడే తెరవొద్దు."

ఆ గురువారం నేను అడిగే మనిషిని. రాసుకునేది ఆశా కార్యకర్త రాహేలు. చెప్పేది పోలమ్మ. ఆవిడది గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర పల్లె. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తుంది. మొదటి రోజు శిరీష అందరం ఒకరినొకరు గారు అనుకోవాలంటే, నన్నెవరూ గారు అన్లేదండీ ఇంతవరకూ అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"సత్యవాణిగారూ, పోయినసారి ప్రశ్న అడగమంటే ప్రసాదం పెట్టేసేరు. ఇయ్యాళైనా కార్డు చూడండి," అంది రాహేలు పెన్సిలు చెక్కుకుంటూ.

"చూస్తున్నాను లెండి," అన్నాను.

పోలమ్మ తెచ్చుకున్న బాధ చిన్నదే. మధ్యాహ్నం పూట అన్నం సయించడం లేదు.

"అన్నం సయించకపోవడం. అది దేనిలా ఉందండీ?"

"గుమ్మంలో ఎవరో నిలబడుంటే మనం కంచం ముందు కూర్చోగలమా అండీ? అలాగుంటందండి."

"ఎవరో నిలబడున్నారు. ఎక్కడున్నారు?"

"గుమ్మం బయటండి. చూరు కింద." ఆవిడ గొంతు తగ్గింది. కళ్ళు నా భుజం మీదుగా తలుపు వైపు వెళ్ళాయి. "తడిసిపోయున్నాడు. లుంగీలోంచి నీళ్ళు కారతన్నాయి. తలెత్తడండి."

అది ఎవరో నాకు తెలిసింది. మూడేళ్ళ క్రితం మొగ దగ్గర పడవ తిరగబడితే ముగ్గురు ఈది వచ్చారు. పోలమ్మ భర్త నూకరాజు రాలేదు. ఒళ్ళు కూడా దొరకలేదు.

అక్కడ ఆపి శిరీషని పిలవాల్సింది. కార్డు చూశాను. "అప్పుడేం జరుగుతుంది?"

"ఏం జరగదండి. రోజూ మిట్టమధ్యాహ్నం నేను కంచం ముందు కూర్చుంటాను. ఆయన నిలబడతాడు. మా మరిది అయ్యప్ప దర్భబొమ్మ చేయించి దహనం చేద్దామంటన్నాడు. ఒళ్ళు దొరకనోళ్ళకి అలాగే చేస్తారు కదండీ. ఆళ్ళమ్మాయికి సంబంధం కుదిరింది, ఈ కర్మ తేలకుండా ఇంట్లో పెళ్ళెలా చేస్తామంటాడు. ఆదివారం వస్తాడు నా మాట కోసం. ఊఁ అంటే మొగుణ్ణి నా నోటితో నేనే చంపినట్టు. వద్దంటే ఆయన అలా తడిసి నిలబడే ఉంటాడు."

మా వైపు గుమ్మంలో మనిషి నిలబడితే, శత్రువైనా సరే, రండి కూర్చోండి అంటాం. ఆ మాట నా నోటికి ఎంత అలవాటంటే, అది వచ్చేదాకా నాకే తెలియలేదు.

"అయ్యో, మూడేళ్ళు గుమ్మంలో నిలబెట్టేస్తారా? లోపలికి రమ్మనండి."

రాహేలు పెన్సిలు ఆగిపోయింది.

చచ్చిపోయారో బతికున్నారో తెలియనివాళ్ళని మిట్టమధ్యాహ్నం లోపలికి పిలవకూడదని మా ఇళ్ళలో పసిపిల్లలకి కూడా తెలుసు. పోలమ్మ నన్ను చూసింది. తలుపు వైపు తిరిగింది.

"రా," అంది మెల్లగా. తర్వాత, "వచ్చేడండి," అంది.

రాహేలు కేకేస్తే శిరీష పరుగున వచ్చింది. పోలమ్మ చేత మంచినీళ్ళు తాగించింది, పాదాలు నేల మీద ఆనించమంది, కిటికీలోంచి ఏం కనిపిస్తున్నాయో చెప్పమంది. కొబ్బరిచెట్లు, సెల్ టవరు, ఆరేసిన చీరలు అని చెప్పింది పోలమ్మ. బాగానే ఉన్నానంది. కానీ కూర్చున్నచోటే పక్కనున్న ఖాళీ కుర్చీని తన దగ్గరికి లాక్కుని, మేం లేచేదాకా దాని మీద చెయ్యి వేసే ఉంచింది.

మెట్లు దిగుతుంటే రాహేలు నా మోచెయ్యి పట్టుకుంది. "మీరు పిలిచింది ఆవిడ మొగుణ్ణేనంటారా? మా పాస్టరుగారి చేత ప్రార్థన చేయించనా?"

"నేనూ మురమళ్ళ వీరేశ్వరస్వామికి చెప్పుకుంటాను."

"చెప్పుకోండి. ఇద్దరికీ చెప్తే ఎవరో ఒకరు వింటారు." ఆ మాటంటూ నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

మర్నాడు మా ఆయన జగ్గారావు భోజనానికి కూర్చున్నప్పుడు నేను గుమ్మం వైపు మూడుసార్లు చూశానట. "ఎవరొచ్చేరే?" అన్నారు. ఎవరూ లేరు. వీధిలో ఎండ తెల్లగా కొడుతోంది. అయినా ఆయనకి చారు రెండుసార్లు వడ్డించాను. దీపం ముందు కూర్చుని స్వామిని అడిగాను. మంచికి అన్న మాటే కదా. మంచితనం కూడా ఒకోసారి చెయ్యకూడని పని అవుతుందా? ఎప్పుడూ నేనే ఏదో ఒకటి జవాబనుకుని లేచిపోతుంటాను. ఆరోజు అలా లేవలేకపోయాను.

శిరీషకి ఫోన్ చేశాను.

"తప్పు జరిగింది పిన్నిగారూ. నాదీ ఉంది, నేను ముందే చూడాల్సింది. నేనే వెళ్దామని నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగేను, మీరైతేనే రమ్మందావిడ. వెళ్ళండి. కానీ ఒక సలహాని ఇంకో సలహాతో సరిచెయ్యకండి. ఆ లోపలికొచ్చినాయనకి ఏం కావాలనుందో అడగండి, అంతే. అడిగేసి నోరు మూసుకోండి. ఫోన్ నా చేతిలోనే ఉంటుంది."

శనివారం ఆటో ఎక్కి వెళ్ళాను. దారికి రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు. పోలమ్మ ఇల్లు కాలవ గట్టున చివరిది. వెళ్ళేసరికి పన్నెండు దాటింది. తలుపు బార్లా తీసి ఉంది. ఆవిడ ముందు కంచంలో అన్నం ఎండిపోతోంది. ఎదురుగా గోడవార చాప పరిచి ఉంది.

"రండి అక్కగారండీ, కూర్చోండి. అటు కాదు, ఇటు."

నేను ఇటే కూర్చున్నాను. రెండు రోజుల్లో ఆవిడ మొహం పీక్కుపోయింది.

"లోపలికొచ్చినా తలెత్తటంలేదండి. నా వైపు చూడ్డు. రేపు అయ్యప్ప వస్తాడు, ఈయన్ని ఎదురుగా ఎట్టుకుని నేనేం చెప్పను? మీరే కదండీ రమ్మన్నారు. పొమ్మనడం ఎలాగో కూడా మీరే చెప్పండి."

అభిషేకం, తాయెత్తు, మురమళ్ళలో కల్యాణం మొక్కు, అన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఒక్కొక్కటీ మింగాను.

"లోపలికొచ్చేడు. తలెత్తడు. ఆయనకి ఏం కావాలనుంది?"

అడిగేసి నోరు మూసుకున్నాను. అంత కష్టమైన పని నేను ఏ నోములోనూ చెయ్యలేదు. పోలమ్మ చాప వైపు తిరిగింది. కాలవలో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వచ్చి, ఆగిపోయింది.

"చలేస్తందంటన్నాడండి," అంది చివరికి. "మూడేళ్ళు నిలబడ్డాడు. ఒక్క తుండుగుడ్డయినా ఇచ్చేనా నేను?"

లేచి మంచం కింద ట్రంకుపెట్టె లాగింది. నీలం గళ్ళ చొక్కా, ఉతికి మడతపెట్టిన లుంగీ తీసి చాప మీద పెట్టింది. "అటు తిరగండి, కట్టుకుంటాడు," అంది.

ఇద్దరం గోడ వైపు తిరిగాం. నాకు ఏమీ కనిపించలేదు, అది నిజం. అయినా నా వయసు ఆడమనిషి పరాయి మగవాడు బట్టలు మార్చుకుంటుంటే ఎలా తల దించుకుంటుందో అలాగే దించుకున్నాను.

తిరిగి చూస్తే బట్టలు పెట్టినచోటే ఉన్నాయి. పోలమ్మ చొక్కా మీద చెయ్యివేసి చూసింది.

"ఇక్కడ కట్టుకోడంటండి. ఎళ్ళేటప్పుడు కట్టుకుంటాడంట."

అప్పుడు ఏడ్చింది. మూడేళ్ళలో ఆవిడ ఏడవలేదని వాళ్ళ వీధిలో చెప్పుకుంటారు. నేను ఓదార్చలేదు. కంచం తీసి పక్కన పెట్టి, ఆవిడ దగ్గర కూర్చున్నాను.

"రేపు అయ్యప్పకి ఊఁ అంటాను," అంది కళ్ళు తుడుచుకుని. "ఆ బొమ్మకి ఈ చొక్కా నేనే తొడుగుతానని కూడా చెప్తాను."

బుధవారం నాడు పోలమ్మ రమ్మంటే వెళ్ళాను. వాళ్ళ వాకిట్లో దర్భలతో బొమ్మ కట్టారు. మనిషంత పొడవు ఉంది. పంతులుగారు కొత్త తెల్లబట్ట కప్పబోతే పోలమ్మ ఆ గళ్ళ చొక్కాతో ముందుకు వచ్చింది.

"ముందు ఇదండి."

"పాత బట్ట కట్టకూడదమ్మా."

"మూడేళ్ళు తడిబట్టలో ఉన్నాడండి. పొడిది తొడక్కుండా పంపను."

అయ్యప్ప ఏదో అనబోయాడు. పంతులుగారు చెయ్యి ఎత్తి ఆపారు. "తొడుగమ్మా. పైన కొత్తది కప్పుదాం."

చొక్కా చేతులు దర్భలకి చాలా వదులయ్యాయి. పోలమ్మ లోపల గడ్డి కూరి, కింద నుంచి మీదకి ఒక్కో బొత్తం పెట్టింది. మెడ దగ్గరది వదిలేసింది. ఆయన పెట్టుకోడంది. మగవాళ్ళు బొమ్మని ఎత్తుకుని రేవు వైపు సాగారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న పోలమ్మ ఒక్కసారిగా తలుపు రెక్కకి ఒదిగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకి తప్పుకుంది. తర్వాత ఒళ్ళు వదులు చేసి మెట్టు మీద కూలబడింది.

ఎళ్ళేడండి అని మాత్రం అంది.

ఏమైనా చెప్పాడా అని అడగాలనిపించింది. ఆ ప్రశ్న ఆవిడ కోసం కాదు, నా కోసం. నా తప్పు తీరిందో లేదో తెలుసుకోవడానికి. అడగలేదు. చావు జరిగిన ఇంట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు కనుక, మాట లేకుండా చెప్పులేసుకుని కాలవగట్టు ఎక్కాను. వెనక ఆవిడ స్నానానికి నూతి దగ్గర నీళ్ళు తోడుకుంటున్న చప్పుడు చాలా దూరం దాకా వినిపించింది.