సెల్లార్‌లో ఏడు ఆదివారాలు

మా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడాది మొదటి ఏడు ఆటలూ గెలిచింది. అందులో ఒక్క గెలుపు కూడా నేను చూడలేదు. నేను చూడలేదు కాబట్టే గెలిచిందని మా నాన్న అంటాడు. ఆయనొక్కడే అంటే సరిపెట్టుకుందును. వీధి చివర బార్ నడిపే గ్లెన్ అదే మాట, నాతోపాటు స్కూలు బస్సులు నడిపే ఆడవాళ్లదీ అదే మాట. చివరికి చర్చి ఫాదర్ కూడా ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, ఈ ఆదివారం కూడా కిందే కదమ్మా అని అడిగాడు. దేవుడి మనిషే అలా అడిగాక ఇంక ఎవరితో చెప్పుకోను.

ఇదంతా సెప్టెంబరులో మొదలైంది. సీజన్‌లో మొదటి ఆట, మూడో భాగం నడుస్తోంది, మా మౌల్డర్స్ పదిహేడు పాయింట్లు వెనకబడి ఉన్నారు. మాది ఈరీ సరస్సు ఒడ్డున ఇనుము పోతపోసే ఊరు. జట్టు పేరు ఆ పోత పోసేవాళ్ల మీదుగా వచ్చిందే, మా నాన్న కాజిమిర్ కూడా నలభై ఏళ్లు ఆ పనే చేశాడు. జట్టు ఓడిపోవడం మాకు కొత్త కాదు. ఓటమి మా ఇంట్లో అద్దె కట్టకుండా ఉంటున్న చుట్టంలాంటిది. అయినా ఆ రోజు ఎందుకో నాకు ఒళ్లు మండి, మాసిన బట్టల బుట్ట తీసుకుని సెల్లార్‌లోకి దిగిపోయాను. మెషీన్‌లో బట్టలు వేస్తుండగా పైనుంచి నాన్న కేక వినిపించింది, మావాళ్లు బంతిని చివరి గీత దాటించారు. టచ్‌డౌన్. పరుగెత్తుకుని పైకొచ్చాను. నేను సోఫాలో కూర్చున్నానో లేదో, బంతి మావాడి చేతుల్లోంచి జారిపోయింది. నాన్న నా వంక తిరగకుండానే "కిందికి పో రెనీ" అన్నాడు. పోయాను. ఒక్క పాయింటు తేడాతో గెలిచాం.

అంతే, నాది ఐరన్ లెగ్ అని తేలిపోయింది. యాభై ఆరేళ్ల మనిషిని, మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి తిరిగొచ్చినదాన్ని, ఆదివారం ఒంటిగంట కొట్టేసరికి చెప్పులు వేసుకుని మెట్లు దిగాలి. కింద రేడియో పెట్టుకుంటే కూడా ఒప్పుకోలేదు. రెండో వారం నేను చిన్నగా పెట్టుకుంటే అవతలివాళ్లు వరసగా రెండుసార్లు కొట్టారు, పైనుంచి నాన్న చేతికర్ర దబదబా మోగింది. నాలుగో వారం తర్వాత సోమవారం బస్సులో కూర్చుని ఫోన్‌లో ఆ ఆటలోంచి నాలుగు నిమిషాల ముక్కలు చూశాను. ఆ మరుసటి ఆదివారం చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు గెలిచాం. ఆ తర్వాత అదీ మానేశాను. నమ్మకమా అంటే నమ్మకం కాదు. కానీ ఓడిపోతే మాత్రం నా వల్లేనని నాకే అనిపిస్తుంది, దాన్నేమంటారో నాకు తెలియదు.

కబురు మాత్రం అందేది. టచ్‌డౌన్ కొడితే నాన్న చేతికర్రతో నేల మీద రెండు దెబ్బలు, బంతి తన్ని కొట్టే మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్‌కి ఒకటి. అవతలివాళ్లు కొడితే కర్రను బరబరా ఈడ్చేవాడు. నేను విన్నానని తెలియడానికి నీళ్ల పైపు మీద పానాతో ఒక్క దెబ్బ వెయ్యాలి. ఆ పైపు పైన ఆయన కుర్చీ పక్కనున్న హీటరులోకి వెళుతుంది. నా దెబ్బ వినపడితేగాని ఆయనకు ఆ పాయింట్లు దక్కినట్టు ఉండదు. సెల్లార్‌లో పై గోడకు జానెడు కిటికీ ఉంది, అందులోంచి చూస్తే పక్కింటివాళ్ల కారు టైరొకటి, కాస్త గడ్డి. ఏడు ఆదివారాలు ఆ టైరునే చూశాను. మా కొత్త క్వార్టర్‌బ్యాక్ ఓడమ్ అని ఇరవై మూడేళ్ల కుర్రాడు, అలా బంతి విసిరేవాణ్ణి ఈ ఊళ్లో ఎవరూ చూడలేదట. నాకు మాత్రం వాడు రెండు కర్రదెబ్బలు.

నాన్నకు ఎనభై ఆరేళ్లు. వేసవిలో డాక్టరు ఆయన గుండె విని, ఇక ఏడాది ఏడాది లెక్క వేసుకోకండి, సీజను సీజను లెక్క వేసుకోండి అన్నాడు. ఆ డాక్టరు కూడా మౌల్డర్స్ మనిషే. ఏ సీజన్ అని నేను అడగలేదు. నలభై ఏళ్లు ఓడిపోతుంటే ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. గెలవడం మొదలెట్టాక ఆయన పైనా, నేను కిందా. ఆయన పక్కన కూర్చుని ఒక్క ఆట చూడాలి, ఒక్క గెలుపు చూడాలి. ఆ సంవత్సరం నాకున్న కోరిక అదొక్కటే. చూద్దామని పైకెక్కితే ఓడిపోతాం, ఆయన చివరి సీజన్ పాడుచేసింది కన్నకూతురే అవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఏడు ఆటలయ్యాక ఖాళీ వారం వచ్చింది. ఒక్కో జట్టుకీ సీజన్ మధ్యలో ఒక వారం ఆట ఉండదు, మాకు అది నవంబరు మొదట్లో పడింది. ఆటగాళ్లు దెబ్బలకు కట్లు కట్టుకుని పడుకుంటారు. మనలాంటివాళ్లకే కాలూ చెయ్యీ ఆడదు. గ్లెన్ బార్‌లో ఆ బుధవారం అంతా మిగిలిన పది ఆటలూ ఒక్కొక్కటే మాటల్లోనే ముందే ఆడేసి గెలిచేశారు. నేను ఒక మూల కూర్చుని వింటున్నాను. ఓడమ్ కుడివైపు పరిగెడుతూ ఎడమవైపుకు ఎలా విసురుతాడో గ్లెన్ ఉప్పు సీసాతో చూపించాడు. నా జట్టు గురించి నాకు పరాయివాళ్లు చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆ ఉప్పు సీసా తీసుకుని వాడి నెత్తిన వెయ్యాలనిపించింది.

కానీ ఆదివారం మాత్రం నాది అనుకున్నాను. మాకు ఆట లేదు కాబట్టి నా పాదం ఎవరికీ తగలదు. అమ్మ చేసినట్టే మైదా పూరీల్లో బంగాళాదుంప కూరి, మడిచి ఉడికించి పియెరోగి చేశాను, ఉల్లిపాయలు వెన్నలో ఎర్రగా వేయించాను. ఒంటిగంటకు సోఫాలో ఎడమవైపు, నా చోట్లో కూర్చున్నాను. ఏడు వారాలుగా అక్కడ నాన్న స్వెట్టరు కూర్చుంటోంది. దాన్ని తీసి పక్కన పెట్టాను. టీవీలో వేరే ఊళ్ల జట్లు ఆడుతున్నాయి, ఒకరివి ఎర్రచొక్కాలు, ఒకరివి తెల్లవి.

మామూలుగా నాన్న టీవీ గొంతు నొక్కేసి రేడియో వింటూ చూస్తాడు. నా చిన్నప్పటినుంచీ అంతే, మన ఊరి రేడియోవాడు చెప్పినట్టు ఆ టీవీవాళ్లు చెప్పలేరంటాడు. ఆ రోజు మన ఊరి రేడియోలో ఆట లేదుగా. టీవీవాళ్లేమో అందరికీ కనపడుతూనే ఉందికదా అని తమ కుటుంబ విషయాలు మాట్లాడుకుంటున్నారు. నాన్న కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నాడు. కాసేపటికి బంతి ఎవరి దగ్గరుందని అడిగాడు. చెప్పాను. ఇంకాసేపటికి స్కోరెంత అన్నాడు. స్కోరు తెర కింద అరచేయంత అక్షరాల్లో ఉంది. పియెరోగి తింటూ చూడలేదేమో అనుకుని అదీ చెప్పాను.

అంతలో ప్రకటనలు వేశారు. ఏదో ట్రక్కు ప్రకటన. స్టేడియం నిండా జనం లేచి అరుస్తుంటే, మధ్యలో బురద చిమ్ముకుంటూ ట్రక్కు వస్తోంది. నాన్న చేతికర్ర ఎత్తి నేల మీద రెండు దెబ్బలు వేశాడు.

"కొట్టార్రా," అన్నాడు. "ఎర్రోళ్లేనా?"

తెర మీద ట్రక్కు ధర కనబడుతోంది.

"ఎర్రోళ్లే నాన్నా," అన్నాను.

ఆ తర్వాత ఆట ఏమైందో నాకు తెలియదు. నేను ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. వసంతకాలంలో మోకాళ్ల నొప్పులని కారు నడపడం మానేశాడు. పేపరులో అన్నీ అబద్ధాలేనని పేపరు మాన్పించాడు. చర్చిలో పాటలన్నీ ఆయనకు కంఠతా వచ్చు, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా ఎవరికీ తెలియదు. ఇల్లు ఆయన కట్టుకున్నదే, గోడలు చేతికి తెలుసు. నేను తెల్లవారుజామునే బస్సు తీసుకుని పోతాను. మిగిలింది ఆదివారాలు. ఆ మూడు గంటలు ఆయన పక్కనే కూర్చుంటే, చూపు పోయిందని నేను పట్టేసేదాన్ని. అందుకని నన్ను కిందికి పంపాడు. ఏడు వారాలు తడిసిన మేజోళ్ల మధ్య కూర్చుని జట్టు కోసం అనుకున్నాను.

కోపం వచ్చింది. వెంటనే ఛెస్టర్ గుర్తొచ్చాడు, కోపం ఎటు పోయిందో పోయింది. ఛెస్టర్ నాన్నతోపాటు పోతపోసినవాడు. నిరుడు అతనికి చూపు మందగించి కాఫీ కప్పు పక్కన పాలు పోస్తుంటే, కూతురు వృద్ధాశ్రమంలో చేర్పించింది. అక్టోబరులో చేర్పించారు, నవంబరు దాటలేదు. అక్కడి భోజనాల గదిలో టీవీ ఎప్పుడూ వంటల ఛానల్ మీదే ఉంటుంది, మార్చడానికి ఎవరికీ వీల్లేదు. అంత్యక్రియలనుంచి వస్తూ నాన్న కారులో ఒకే మాట అన్నాడు: "ఛెస్టర్‌ని జబ్బు చంపలేదు, ఆ వంటల ఛానల్ చంపింది."

ఛెస్టర్ కూతురు చెడ్డది కాదు. ఆమె కూడా పొద్దున్నే పనికి పోయేదే, ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉన్నదే. ఇప్పుడు ఆమె నిలబడిన చోట నేను నిలబడ్డాను. అడిగితే నాన్న ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే నేను ఏదో ఒకటి చెయ్యాలి. అడగకపోతే రోజుకు ఏడు గంటలు ఈ మనిషి ఒక్కడే పొయ్యి దగ్గర. మింగలేను, కక్కలేను. ఆయన పైన చిక్కుకుపోయాడు, నేను కింద, మధ్యలో ఒక మెట్ల తలుపు.

సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే వెనకనుంచి అడిగాడు. "వచ్చే ఆదివారం ఎప్పట్లాగే కదా? కిందే కదా?"

"కిందే."

"జట్టు కోసమే రెనీ. నువ్వేం అనుకోకు."

"నేనేం అనుకుంటాను నాన్నా."

ఆ వారం అంతా నేను దొంగలా తిరిగాను. మందు సీసాలకు రబ్బరు బ్యాండ్లు వేశాను, పొద్దుటిదానికి ఒకటి, రాత్రిదానికి రెండు. పొయ్యి మీట మీద ఆపేచోట గట్టి జిగురుతో చిన్న బొడిపె పెట్టాను. గురువారం నేను బస్సు దిగి వచ్చేసరికి ఆయన పొయ్యి ముందు నిలబడి బొటనవేలితో ఆ బొడిపెను రుద్దుతున్నాడు. నా అడుగుల చప్పుడు విని చెయ్యి తీసేసి, సూప్‌లో ఉప్పు తక్కువైందని కేకలేశాడు.

ఆదివారం వచ్చింది. ఒంటిగంటకు ఐదు నిమిషాలుండగా వెళ్తున్నానని చెప్పి మెట్ల తలుపు తీశాను. బూట్లతో దబదబా ఆరు మెట్లు దిగాను. అక్కడ బూట్లు విప్పేసి, మేజోళ్ల కాళ్లతో పైకొచ్చి, తలుపు చప్పుడయ్యేలా మూసి, దాని పక్కనే గొడుగుల బుట్ట దగ్గర నేల మీద కూర్చున్నాను. ఊపిరి కూడా లెక్కపెట్టి తీసుకుంటున్నాను. తండ్రి గుడ్డితనాన్ని ఆసరా చేసుకుని దొంగచాటుగా ఆట చూడడం ఎంత సిగ్గుమాలిన పనో నాకు తెలుసు. అయినా కూర్చున్నాను.

రేడియో మోగుతోంది, టీవీ మూగగా ఆడుతోంది. సెప్టెంబరులో ఆ మొదటి ఆట తర్వాత మావాళ్లను టీవీలో చూడడం అదే. మొదటి భాగంలో మావాళ్లు ఏమీ కొట్టలేదు, అవతలివాళ్లు ఒక ఫీల్డ్ గోల్ కొట్టారు, నాన్న కర్ర ఈడ్చాడు. అదుగో, మొదలైంది నా పాదం, లేచి కిందికి పోదామా అనుకున్నాను. కాళ్లు లేవలేదు. అప్పుడు ఓడమ్ బంతి అందుకుని కుడివైపుకు పరుగు తీశాడు, ముగ్గురు మీదపడుతున్నారు, వాడు పడిపోతూ పడిపోతూ ఎడమవైపు మూలకు విసిరాడు. గ్లెన్ ఉప్పు సీసాతో చూపించింది ఇందులో కాణీ వంతు కూడా కాదు. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

రేడియో అరిచింది. నాన్న కర్ర ఎత్తి రెండు దెబ్బలు వేశాడు.

వేసి తల వంచి, హీటరు వైపు చెవి పెట్టి ఆగాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, పైపు కింద ఉంది, పానా కింద ఉంది. ఆయన మళ్లీ రెండు దెబ్బలు వేసి ఆగాడు. పైపు పలకలేదు. కర్ర ఇంకోసారి పైకి లేచింది, కానీ నేలకు తగల్లేదు. మెల్లగా తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన మెడ మీద ఎర్రగా రక్తం ఎక్కడం నాకు కనపడింది. ఇక పట్టుబడ్డాను, లేచి నిలబడబోతే కింద చెక్క కిర్రుమంది.

"కదలకు," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

నేను సగం లేచినదాన్ని అలాగే ఆగిపోయాను.

"ఎక్కడ కూర్చున్నావో అక్కడే కూర్చో. అక్కడుంటే కొట్టారు. ఇక నువ్వు అక్కణ్ణించి లేస్తే ఊరుకోను."

కూర్చున్నాను. తర్వాత ఆయన చెయ్యి చాచి, తడుముకుని, రేడియో మీట పట్టుకుని కట్టేశాడు. నాకు ఊహ తెలిశాక, ఆట మధ్యలో ఆ రేడియో ఆగడం అదే మొదటిసారి.

"వాడెలా విసిరాడో చెప్పు," అన్నాడు.

తలుపు పక్కన నేల మీద, కాళ్లు తిమ్మిరెక్కుతుంటే, నేను చెప్పడం మొదలుపెట్టాను.