దించిన శ్రుతి

నాలుగో తీగ దగ్గరికి వచ్చేసరికి అతను కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇక చూపుతో పని లేదు. గిటారును ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టుకుని, కుడిచెవి దాని చెక్కకు ఆనించి, బొటనవేలితో తీగను ఒక్కసారి తాకాడు. తీగ బిగించే బిరడాను వెంట్రుకవాసి వదులు చేశాడు. మళ్ళీ తాకాడు. నిద్రపోయిన పసిబిడ్డ తల కింద నుంచి తల్లి చెయ్యి తీసుకుంటుందే, బిడ్డకు తెలియకుండా, అంత మెల్లగా ఉంటుంది అతని పని.

ఉదయం పదిన్నర. మ్యూజిక్ స్కూలు హాల్లో ఇంకా కుర్చీలు వెయ్యలేదు. వేదిక పక్కన తెర వెనుక మూడు కాళ్ళ స్టూలు మీద అతను, అతని ముందు రెండు గిటార్లు, ఒక బేసు గిటారు. మధ్యాహ్నం మూడింటికి ప్రోగ్రాం.

అందరూ అతన్ని తీగలు అంటారు. బృందంలో చిన్నవాళ్ళు తీగల బాబాయ్ అంటారు. యాభై తొమ్మిదేళ్ళు. ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కాచి బఠాణీ గింజల్లా ఉంటాయి. తెగిన తీగ ఎగిరి కొట్టిన గాటు ఒకటి చెంప మీద ఉంది. ముప్పై ఏళ్ళు పెద్ద పెద్ద స్పీకర్ల పక్కనే కూర్చోవడంతో ఎడమచెవి మందగించింది. కుడిచెవి మాత్రం అలాగే ఉంది. దాన్ని అతను కంటిపాపలా చూసుకుంటాడు. వర్షం వస్తే ముందు ఆ చెవి కప్పుకుంటాడు.

పొద్దున బయలుదేరుతుంటే కూతురు గుమ్మంలో అడ్డం నిలబడింది. ఆరునెలల బిడ్డ భుజం మీద ఉంది.

“ఆ చప్పుళ్ళలో ఇంకా ఎన్నాళ్ళు నాన్నా? పిల్ల ఏడిస్తే నీకు వినిపిస్తోందా లేదా అని నాకు భయంగా ఉంటోంది. స్నానానికి వెళ్ళాలన్నా తలుపు తీసిపెట్టుకుని వెళ్తున్నాను.”

“నీ పిల్ల ఏడుపు పక్కవీధికీ వినిపిస్తుందిలే. పిడుగుకి పోటీ.”

“నవ్వులాటకి చెప్పట్లేదు.”

“సరేనమ్మా. ఈ ఒక్క ప్రోగ్రాం.”

ఈ మాట వాళ్ళమ్మకీ చెప్పేవాడు. ఆవిడ పోయి నాలుగేళ్ళు. బతికినన్నాళ్ళూ దెప్పుతూనే ఉండేది: “సవతి ఆడదైతే జుట్టు పట్టుకుందును. ఆ గడ్డం పిడుగుని ఏం పట్టుకోను?”

పిడుగు అంటే బృందంలో పాడేవాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఇద్దరూ ఒకే వెల్డింగు షెడ్డులో పనిచేశారు, ఇద్దరూ కలిసి ఒకే గిటారు కొన్నారు. రాక్ పాటలంటే ఇద్దరికీ పిచ్చే. మొదటి ప్రోగ్రాంలో ఇద్దరూ వేదికెక్కారు. జనాన్ని చూసేసరికి తీగలుకి చేతులు కొయ్యబారాయి. వెనక్కి జరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, శ్రుతి తప్పిన తీగ సరిచేసి గిటారు ముందుకి అందించాడు. వేదిక మీద జనానికి కనపడని చోటు ఒకటి ఉంటుందని ఆ రోజే తెలిసింది. అక్కడే స్థిరపడ్డాడు.

తెరకి అవతల, వేదిక అంచున కాళ్ళు వేలాడేసుకుని పిడుగు ఒక పత్రిక అమ్మాయితో మాట్లాడుతున్నాడు. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు.

“రాసుకోమ్మా, భయపడకు, నా పేరు మీదే రాయి. ఈ స్కూలు మూసేసి ఈ హాలు అమ్మేస్తారట. ఎవరికి అంటే చెప్పరు. ఎందుకు అంటే అభివృద్ధి అంటారు. అభివృద్ధి అంటే ఏమిటయ్యా అని అడిగితే, పాటలు పాడుకునేవాడివి నీకెందుకు అంటారు. ఎన్నికలప్పుడు ఆ పాటలే లారీలకి కట్టి ఊరంతా తిప్పారు. గెలిచాక అదే పాట వాళ్ళ గుమ్మం ముందు పాడితే మైకు వైరు కోశారు. అంటే పాట మంచిదే, నేను నిలబడిన చోటే మంచిది కాదన్నమాట!”

“మరి రికార్డింగ్ కంపెనీల సంగతి సార్?”

“వాళ్ళ గడప తొక్కి పదకొండేళ్ళయింది. ఒకడు కుర్చీలో వెనక్కి వాలి, సార్, వినేవాడు మొదటి పది సెకన్లలో చిక్కాలి అన్నాడు. పాట కట్టమంటున్నావా, గాలం వెయ్యమంటున్నావా అన్నాను. ఇంకొకడు, మీ గొంతు అక్కడక్కడ జారింది, యంత్రంలో పెట్టి సరిచేశాం అని వినిపించాడు. ఎవడో బాగానే పాడుతున్నాడు, మరి నన్నెందుకు పిలిచారు అని లేచొచ్చేశాను. దొంగ గొంతులమ్మా! ఎవరికీ పుట్టని గొంతులు అమ్ముతున్నారు.”

ఆ అమ్మాయి నవ్వింది. పిడుగు నవ్వలేదు.

“పాతికేళ్ళ క్రితం ఏ శ్రుతిలో పాడానో ఇవాళా అదే. ఒక్క మెట్టు దిగలేదు. దిగిన రోజు మైకు వదిలేసి ఇంట్లో కూర్చుంటాను. గీత గీసి మరీ రాసుకో.”

తెర వెనుక తీగలు చెయ్యి బిరడా మీద ఆగిపోయింది.

కంపెనీతో తెగిన ఏడాదే పిడుగుకి గొంతులో ఏదో వాపు వచ్చి రెండు నెలలు మంచాన పడ్డాడు. లేచాక మొదటి ప్రోగ్రాంలో, పెద్ద పాట రెండో చరణంలో గొంతు పైకి వెళ్ళే చోట, అతని మెడనరం ఉబికి నీలంగా మారడం పక్కనుంచి తీగలు ఒక్కడే చూశాడు. మర్నాడు అన్ని గిటార్లూ వెంట్రుకవాసి దించాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నరం ఉబకలేదు. మరుసటేడు ఇంకాస్త, ఆపై ఏడు ఇంకాస్త. బృందంలో శ్రుతి మార్చడానికి వీల్లేని వాయిద్యం ఏదీ లేదు. ఏ గిటారైనా అతని చెయ్యి దాటే వేదికెక్కాలి. యంత్రంతో చూసుకుని, ఇదేంటి బాబాయ్ అని అడిగిన ఒకరిద్దరితో మన పద్ధతి ఇంతే అనేవాడు. వాళ్ళిప్పుడు బృందంలో లేరు. పిడుగు తన పాత రికార్డులు వినడు. మన ఉత్తరం మనమే చదువుకుంటామా అంటాడు. అలా పదకొండేళ్ళలో శ్రుతి రెండు మెట్లకు రవ్వంత తక్కువగా దిగింది. ఊళ్ళో అబద్ధాలన్నీ కడిగేసే మనిషి కాళ్ళ కింద ఈ ఒక్క అబద్ధం పీటలా ఉంది. అది లాగేస్తే పడిపోతాడు.

“ఇవాళ విశేషం చెప్పనా?” అవతల పిడుగు గొంతు. “నీ ముందే ఉన్న ఈ పియానో మీదే చిన్నప్పుడు నా మొదటి పాట కట్టాను. ఇవాళ టీచరుగారు దీని మీద వాయిస్తారు, నేను పాడతాను. ఒరేయ్ తీగలూ, వింటున్నావా? పన్నెండింటికి రిహార్సల్!”

అతను గిటారు పక్కన పెట్టి లేచాడు. పియానోకి దాని శ్రుతే దానిది. అది ఎవరి గొంతునీ చూసి దిగిరాదు.

అతను వెళ్ళేసరికి టీచరమ్మ స్టోర్ రూంలో పాత నోటు పుస్తకాలు అట్టపెట్టెల్లోకి సర్దుతోంది. నలభై దాటిన మనిషి. పెట్టెకి తాడు కడుతూ, ముడి పళ్ళతో బిగించి, ఏమిటన్నట్టు చూసింది.

“అమ్మా, మీరు పాట రెండు మెట్లు కిందనుంచి ఎత్తుకోగలరా? ఆ రవ్వంత తేడా నేను గిటార్లలో సర్దేస్తాను.”

“ఎందుకు?”

అతను చెప్పాడు. పదకొండేళ్ళలో మొదటిసారి నోరు విప్పి ఒకరితో చెప్పాడు. చెబుతున్నంతసేపూ తలుపు వైపే చూస్తున్నాడు.

ఆవిడ తాడు వదిలేసి పెట్టె మీద కూర్చుంది. “జలుబు చేసిన పిల్లకి పాట దించి వాయిస్తాం. అదేమీ నేరం కాదు. కానీ ఆయనకి చెప్పొచ్చుగా?”

“చెబితే మానేస్తాడమ్మా. మానేస్తే వాడు బతకడు.”

“మీరో?”

ఈ ప్రశ్న తననెవరూ ఎప్పుడూ అడగలేదు. “నాదేముందిలెండి,” అన్నాడు.

పన్నెండింటికి అందరూ వేదిక మీద చేరారు. పిడుగు వచ్చి పియానో పక్కనే, దాని మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తీగలు ఊహించనిది అదే. ఎప్పుడూ మైకు దగ్గర ఉండేవాడు. టీచరమ్మ రెండు మెట్లు కింద చేతులు పెట్టి నాలుగు స్వరాలు వాయించింది.

“అక్కడ కాదు టీచరుగారూ,” అన్నాడు పిడుగు నవ్వుతూ. “ఈ పియానో మెట్లలో అంచు విరిగినది ఒకటి ఉంది చూడండి, అక్కడ. నా వేలికి గుర్తుంది. ఈ పాట అక్కడే పుట్టింది.”

ఆవిడ తీగలు వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించింది. విరిగిన మెట్టు నుంచి మొదలుపెట్టింది. గిటార్లు అందుకున్నాయి. హాలు నిండా ఒకటే గోల, రెండు బళ్ళు ఒకదాన్నొకటి రాసుకున్నట్టు.

ఈ మధ్యే చేరిన, బేసు వాయించే ఆయన ఫోను తీసి గిటారు తీగల దగ్గర పెట్టి చూశాడు. “పియానో బాగానే ఉందండీ. మనవే కింద ఉన్నాయి. ఒకటి కాదు, రెండు మెట్లు!”

పిడుగు మెల్లగా తెర వైపు తిరిగాడు. “ఒరేయ్. ఏంట్రా ఇది? ఎప్పట్నుంచి?”

అందరూ చూస్తున్నారు. పత్రిక అమ్మాయి కూడా కలం పట్టుకుని చూస్తోంది. పిడుగు కళ్ళలో కోపం లేదు. పరీక్ష ఫలితం గోడ మీద అంటించేముందు పిల్లల మొహాల్లో ఉండేది, అది ఉంది. ఆ ఒక్క చూపుతో తీగలుకి తెలిసింది, ఏ జవాబు ఇవ్వాలో.

“ఇవాళేరా,” అన్నాడు. “చెవి పోయింది. ఎడమది ఎప్పుడో పోయింది. కుడిది కూడా... ఈ మధ్య సరిగా తెలియట్లేదు. నీకు చెప్పడానికి సిగ్గేసింది.”

పిడుగు ఊపిరి వదిలాడు. అది వదిలిన తీరు తీగలు చూశాడు. పిడుగు గబగబా వచ్చి అతన్ని కావలించుకున్నాడు.

“చెప్పి చావొద్దూ వెధవా! ముప్పై ఏళ్ళు స్పీకర్ల పక్కన కూర్చోబెట్టి నేనే పాడుచేశాను. ఇంక చాల్లే. రేపట్నుంచి ఇంట్లో కూర్చుని మనవరాలికి జోల పాడుకో. దానికి శ్రుతి అక్కర్లేదు.” బృందం వైపు తిరిగాడు. “వీడికి చెవి పోయినా నాకు గొంతుందిలే. యంత్రం పెట్టి అన్నీ పైకి ఎత్తండి.”

టీచరమ్మ లేవబోయింది. తీగలు తల అడ్డంగా ఊపాడు, కొంచెమే.

బేసాయన ఒక్కొక్క గిటారే తీసుకుని ఫోను చూస్తూ బిగించాడు. తీగలు స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే అది అతని కుడిచెవికి స్పష్టంగా, కావలసినదానికన్నా స్పష్టంగా వినిపించింది. రెండో గిటారు దగ్గర ఒక తీగ ఠప్పున తెగింది.

“బాబాయ్, కొత్తది వెయ్యవా? వేళ్ళకి చెవి అక్కర్లేదుగా,” అన్నాడు బేసాయన. వెక్కిరించాలని కాదు. కానీ అన్నాడు.

“ఇలా ఇవ్వు.”

రెండో గిటారు పిడుగు ఒక్కడే వాయించుకుని పాడే పాటకి. బృందంలో ఇంకెవరూ దాన్ని వాయించరు. మొదటి పాట అయ్యాక పిడుగు జనంతో మాట్లాడతాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ, తిరిగి చూడకుండా, చెయ్యి వెనక్కి చాపుతాడు. గిటారు చేతికొస్తుంది. ముప్పై ఏళ్ళుగా అంతే. తీగలు కొత్త తీగ ఎక్కించాడు. తరువాత గిటారు ఒళ్ళో పెట్టుకుని, చెక్కకి చెవి ఆనించి, అటూ ఇటూ చూసి, ఆరు తీగలనీ మళ్ళీ కిందకి దించాడు. సరిగ్గా రెండు మెట్లు.

మూడింటికి హాలు నిండిపోయింది. పిల్లలు కిటికీల్లో కూర్చున్నారు. పిడుగు వేదికెక్కగానే చప్పట్లతో పైకప్పు రేకులు అదిరాయి. టీచరమ్మ విరిగిన మెట్టు మీద వేలు పెట్టింది.

మొదటి చరణం బాగానే నడిచింది. బలం ఉంది, జనం ఉన్నారు. కానీ రెండో చరణానికి ముందు పిడుగు ఊపిరి తీసుకోవడం తీగలు విన్నాడు. అది చాలని ఊపిరి. అతను లేచి రెండో గిటారును స్టాండు మీద, పిడుగు చెయ్యి అందే దూరంలో నిలబెట్టాడు. కూతురు ఇచ్చిన టిఫిన్ డబ్బా సంచిలో వేసుకున్నాడు. గొంతు పైకి వెళ్ళే ఆ చోటు రాకముందే వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్ళి, తలుపు చేరవేశాడు. మండుటెండ. రోడ్డు దాటేటప్పుడు కుడిచెవి మీద అరచెయ్యి గట్టిగా నొక్కుకున్నాడు. బస్సు వచ్చింది. ఎక్కాడు. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

ఆ తరువాత జరిగింది అతను చూడలేదు. పై మెట్టు దగ్గర పిడుగు గొంతు చిరిగింది. పాత గుడ్డ చిరిగినట్టు, పెద్ద చప్పుడేమీ లేకుండా చిరిగింది. స్కూలు పోతోందన్న దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకున్నారు జనం. కళ్ళు తుడుచుకుంటూ మిగతా చరణం వాళ్ళే పాడి, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

పిడుగు మైకు పట్టుకున్నాడు. ఏ ప్రోగ్రాంలోనైనా ఇక్కడే ప్రభుత్వాన్నీ కంపెనీలనీ ఉతికి ఆరేసేవాడు. “ఈ హాలు...” అన్నాడు. “వీళ్ళంతా దొంగ...” అన్నాడు. ఆ మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యి వెనక్కి చాపాడు. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. చాలాసేపటికి తిరిగి చూశాడు. స్టూలు ఖాళీగా ఉంది.

స్టాండు మీది గిటారు అందుకుని, బొటనవేలితో తీగలన్నీ ఒక్కసారి మెల్లగా తాకాడు. పదకొండేళ్ళుగా తను నిలబడిన చోటు ఎక్కడో ఆ ఒక్క మోతలో విన్నాడు. తల తిప్పి టీచరమ్మ వైపు చూశాడు. ఆవిడ విరిగిన మెట్టు మీది వేలు తీసి, రెండు మెట్లు కిందకి జరిపి, ఎదురుచూస్తూ కూర్చుంది.

 పిడుగు గొంతు విప్పలేదు. కొత్త తీగ వేసినప్పుడు బిరడా దగ్గర మిగిలిన కొసను కత్తిరించడం తీగలు ఏనాడూ మరిచిపోలేదు. ఇవాళ తొందరలో వదిలేశాడు. జానెడు తీగ గిటారు తలమీద నుంచి గాలిలోకి లేచి, వేదిక దీపం వెలుగులో సన్నగా మెరుస్తూ, ఆగకుండా వణుకుతోంది.